పంటి పట్టు, మెగాపాస్కళ్ల లెక్క

పన్నులో పెట్టించుకున్న సిమెంటు ఏడాది తిరక్కుండానే ఊడిపోతే మనకు తోచే కారణాలు రెండే. డాక్టరు సరిగా పెట్టలేదు, లేకపోతే నాసిరకం సరుకు పెట్టాడు. దంత పదార్థాల మీద వచ్చిన పరిశోధన పత్రాలు తిరగేస్తే అక్కడా ఎక్కువగా కనబడేది సరుకు సంగతే. ఫలానా బంధక ద్రవం ఇన్ని మెగాపాస్కళ్ల బలం చూపించింది, దానికన్నా కొత్తగా వచ్చినది ఇంకొన్ని ఎక్కువ చూపించింది. ఇదీ ఆ పత్రాల ధోరణి. ఆ పన్ను ఎవరిది, గుంట ఎంత లోతు, లోపల తడి ఎంత, ఉమ్మి తగిలిందా, దీపం వెలుగు అడుగుదాకా చేరిందా అన్నవి చివర్లో ఒక పేరాలో సర్దుకుంటాయి. నా అభ్యంతరం ఈ అంకె గురించే. అంకె అబద్ధమని కాదు. అది చెప్పేది ఒకటి, దాన్ని చదివేవాళ్లు వినేది ఇంకొకటి.

ఒక మెగాపాస్కల్ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 10 కిలోల బరువు. 20 మెగాపాస్కళ్లంటే 200 కిలోలు. వేలిగోరంత అతుక్కి రెండు క్వింటాళ్ల బియ్యం వేలాడదీయవచ్చన్నమాట! అంత పట్టు ఉన్నది అన్నం ముద్ద నమిలితే ఎందుకు ఊడిపోతుంది?

ఇది పన్ను నొప్పి ఉన్నవాళ్లకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. వెండి రంగు అమాల్గం పంటికి అంటుకోదు. నోరు ఇరుకుగా, అడుగు వెడల్పుగా గుంట తొలిచి అందులో దాన్ని కూరాలి. అలా తొలిచేటప్పుడు పుచ్చిన భాగంతోపాటు బాగున్న పన్నూ కొంత పోతుంది. అంటుకునే పదార్థం ఉంటే పుచ్చినంతే తీయవచ్చు. పాదరసంపై 2013 నాటి మినమాటా ఒప్పందం అమాల్గం వాడకాన్ని క్రమంగా తగ్గించమంది. 15 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వైద్యుడు తప్పనిసరి అనుకుంటే తప్ప దాన్ని పెట్టకుండా చూడాలని 2022లో సభ్యదేశాలు తీర్మానించాయి. కాబట్టి ఇకమీద పన్ను బాగుచేయడమంటే చాలావరకు అతికించడమే. అతుకు నిలవకపోతే మళ్లీ తొలవాలి. తొలిచిన ప్రతిసారీ పన్ను కొంచెం తరుగుతుంది.

జిగురు కాదు

ఈ విషయాన్ని తెలుగులో రాసేటప్పుడు మొదట అడ్డుపడేది 'జిగురు' అనే మాటే. పాఠ్యపుస్తకాల్లో అసంజనం అన్న పదం ఉంది. రెండు వేరువేరు పదార్థాల అణువుల మధ్య ఆకర్షణ అని దాని అర్థం. కాగితానికి జిగురు రాసినట్టు పంటికి ద్రవం రాస్తే సిమెంటు అంటుకుంటుందని మన పత్రికల్లో రాస్తుంటారు. జరిగేది అది కాదు. ఇత్తడి గిన్నెకు కళాయి వేసేవాణ్ణి చూసినవారికి అసలు సంగతి తొందరగా బోధపడుతుంది. గిన్నె కాల్చి, నవాసారం చల్లి, లోహం మీది మకిలి పోగొట్టాకనే తగరం పాకుతుంది. తాపీమేస్త్రి నున్నటి కాంక్రీటుకు గంట్లు కొట్టి, నీళ్లు చల్లి, ఆ తరువాతే ప్లాస్టరింగ్ మొదలుపెడతాడు. సిమెంటు గోడను 'కరుచుకుంది' అంటాం. పంటి విషయంలోనూ సరైన మాట అదే.

ఆ కరిపించే పద్ధతిని 1955లో బయటపెట్టినవాడు మైకేల్ బ్యూనోకోర్. అమెరికాలోని రోచెస్టర్‌లో ఈస్ట్‌మన్ డెంటల్ డిస్పెన్సరీలో పనిచేసేవాడు. ఇనుముకు రంగు వేసేముందు ఫాస్ఫారికామ్లంతో కడిగితే రంగు బాగా నిలుస్తుందన్నది పరిశ్రమల్లో అప్పటికే తెలిసిన విషయం. అదే ఉపాయాన్ని ఆయన పంటిమీద ప్రయోగించాడు. 85 శాతం ఫాస్ఫారికామ్లం 30 సెకండ్లు పెట్టి, కడిగి, ఆరబెట్టి, ముందుపళ్ల మీద చిన్న అక్రిలిక్ బొట్లు పెట్టాడు. ఆమ్లం పెట్టని పళ్లమీద బొట్లు కొన్ని గంటల్లో రాలిపోయాయి. ఆమ్లం పెట్టినచోట అవి సుమారు నూరు రెట్ల కాలం నిలిచాయి.

ఈ పత్రాన్ని ఇప్పుడు చదివినా రెండు సంగతులు ఆకట్టుకుంటాయి. పేరులోనే ఆయన దీన్ని 'ఒక సులభ పద్ధతి' అన్నాడు, అంతకుమించి గొప్ప చెప్పుకోలేదు. రెండోది ఇంకా ముఖ్యం. ఆ బొట్లు ఉన్నది మనిషి నోట్లో. ఆయన కొలిచింది కాలాన్ని. తిండి, ఉమ్మి, వేడి, చల్లదనం అన్నీ ఆ కొలతలో కలిసే ఉన్నాయి. పట్టు ఎందుకు వచ్చిందన్న దానికి ఆయన ఇచ్చిన వివరణలు మాత్రం చాలావరకు ఊహలు. ఆమ్లం ఎనామిల్ పై పొరను సుమారు 10 మైక్రాన్ల మేర కరిగించి, దాని కింద సన్నటి రంధ్రాలు చేస్తుందనీ, ద్రవం వాటిలోకి దిగి గట్టిపడి వేళ్లలా పాతుకుంటుందనీ తేలింది 1960ల చివర్లో గ్విన్నెట్, మత్సుయి వంటివారు సూక్ష్మదర్శినితో చూసినప్పుడు. 85 శాతం ఆమ్లం అక్కర్లేదని, సగంకన్నా తక్కువ గాఢతే మేలని ఆ తరువాత తెలిసింది. ఇప్పుడు వాడేది చాలాచోట్ల 37 శాతం వరకే.

తడి గోడ

ఎనామిల్ కథ ఇక్కడితో దాదాపు ముగుస్తుంది. దాని బరువులో 96 శాతం ఖనిజమే, పొడిగా ఆరబెట్టవచ్చు. చిక్కంతా దాని కింద ఉండే డెంటిన్‌తోనే. బరువు లెక్కన అందులో ఖనిజం 70 శాతం, కొలాజెన్ తదితర సేంద్రియ పదార్థం 20, నీరు 10. పైగా అది నిండా సన్నటి గొట్టాలు. ఎనామిల్ దగ్గర చదరపు మిల్లీమీటరుకు సుమారు 20,000 ఉంటే, లోపల పల్ప్ దగ్గరికి వచ్చేసరికి 45,000 దాటుతాయి. అక్కడ ఒక్కొక్కటీ లావుగా కూడా ఉంటుంది. అంచు దగ్గర గొట్టాల నోళ్లు ఆక్రమించే చోటు ఒక శాతం, అడుగున 22 శాతం దాకా. బతికున్న పంటిలో ఈ గొట్టాల గుండా ద్రవం బయటికి ఊరుతూనే ఉంటుంది. అంటే ఒకే పంటిలో పైన అతికించడం ఒక పని, అడుగున అతికించడం వేరే పని. అడుగు తడి గోడ. ఎంత తుడిచినా లోపలినుంచి చెమ్మ వస్తూనే ఉంటుంది.

దీనికి తోడు డాక్టరు బర్రుతో తొలిచినప్పుడు రాలిన పొడి డెంటిన్ మీద ఒకటి రెండు మైక్రాన్ల మందాన పూతలా పేరుకుంటుంది. దాన్ని తీయాలా, ఉంచాలా అన్నమీదే చాలాకాలం వాదన నడిచింది. డెంటిన్‌కు ఆమ్లం తగిలితే లోపలి పల్ప్ చచ్చిపోతుందని అమెరికా, యూరప్ వైద్యులు భయపడ్డారు. జపాన్‌లో ఫుసయామా 1979లో డెంటిన్‌కూ ఆమ్లం పెట్టి ఫలితాలు ప్రకటించాడు. మిగతావాళ్లు దాన్ని ఒప్పుకోవడానికి ఇంచుమించు పదేళ్లు పట్టింది. ఈలోగా 1982లో టోక్యోలో నకబయాషి బృందం అసలు విషయం పట్టుకుంది. ఆమ్లం ఖనిజాన్ని కరిగించాక మిగిలే కొలాజెన్ పీచులోకి ద్రవం ఇంకి గట్టిపడుతుంది. అప్పుడు అటు పన్నూ కాని, ఇటు ప్లాస్టిక్కూ కాని కొత్త పొర తయారవుతుంది. దానికి ఆయన హైబ్రిడ్ పొర అని పేరు పెట్టాడు. దంతవైద్యంలో వచ్చిన పేర్లలో ఇంత చక్కగా కుదిరినది అరుదు.

ఈ పీచును ఆరబెడితే అణిగిపోతుంది. జల్లెడ కాస్తా చాపలా పరుచుకుంటుంది, ద్రవం లోపలికి దిగదు. తడి ఎక్కువైనా ద్రవం పలచబడి పాడవుతుంది. అందుకే కొంచెం తడిగా ఉంచి అతికించాలని జాన్ కాంకా 1992లో ప్రతిపాదించాడు. 'కొంచెం' అంటే ఎంత? దీనికి కొలత లేదు, కంటికి మెరుపు కనబడాలంటారు. మొత్తం శాస్త్రం వచ్చి డాక్టరు కంటిచూపు మీద ఆగింది. ఈ ఒక్క వాక్యం చాలు, ప్రయోగశాల అంకెకూ క్లినిక్ ఫలితానికీ మధ్య ఎంత దూరం ఉందో చెప్పడానికి.

ఆమ్లం విడిగా పెట్టనక్కర్లేకుండా, ద్రవంలోనే మెత్తటి ఆమ్ల గుణం ఉండే రకాలు ఈ తడి గొడవకు ఒక పరిష్కారం. వాటిలో పేరుపొందిన ఎం.డి.పి. అనే అణువు జపాన్‌లోనే 1980ల తొలినాళ్లలో వాడుకలోకి వచ్చింది. అది పంటిలోని కాల్షియంతో రసాయనికంగా కలుస్తుందని 2004లో యోషిదా బృందం చూపించింది. ఇక్కడ మాత్రం అసంజనం అన్న మాట న్యాయంగా వర్తిస్తుంది. అయితే ఎనామిల్‌ను ఇవి ఫాస్ఫారికామ్లమంత లోతుగా తొలవలేవు. అందుకే ఎనామిల్ అంచుకు విడిగా ఆమ్లం పెట్టి, డెంటిన్‌ను ఈ ద్రవానికే వదిలేయమంటున్నారు.

అంకె ఎలా పుడుతుంది

ఇక కొలత సంగతి. పీకిన పన్నును కోసి, ఎమరీలాంటి కాగితం మీద చదునుగా అరగదీసి, ద్రవం రాసి, పైన రెజిన్ దిమ్మ కట్టి, 37 డిగ్రీల నీటిలో ఒక రోజు ఉంచి, యంత్రంతో ఊడగొడతారు. ఊడినప్పటి బలాన్ని అతుకు వైశాల్యంతో భాగిస్తే మెగాపాస్కళ్లు వస్తాయి. చూడటానికి నిర్దోషంగా ఉంది.

మొదటి చిక్కు ఆ భాగహారంలోనే ఉంది. బలం అతుకంతటా సమానంగా పంచుకుందని అది అనుకుంటుంది. నిజానికి అంచుల్లో ఒకచోట ఒత్తిడి విపరీతంగా పేరుకుని అక్కడ పగులు మొదలవుతుంది. వాన్ నూర్ట్, ఆయన సహచరులు 1989లోనే ఈ పరీక్షలను విమర్శిస్తూ ఒక పత్రం రాశారు. దిమ్మ ఆకారం, బలం తగిలించే చోటు మారితే అదే సరుక్కి వేరే అంకె వస్తుందని లెక్కకట్టి చూపారు. ఇక వైశాల్యం సంగతి. 1994లో సానో బృందం అతుకు ఎంత చిన్నదైతే అంకె అంత పెద్దదవుతుందని కనిపెట్టింది. కారణం కొత్తదేమీ కాదు. గాజు పోగు సన్నబడేకొద్దీ గట్టిపడుతుందని గ్రిఫిత్ 1921లోనే వివరించాడు. చిన్న ముక్కలో లోపాలు తక్కువ. పెద్ద అతుకు మీద 15, 20 చూపిన రకం ద్రవమే ఒక చదరపు మిల్లీమీటరు పుల్లమీద దానికి రెండు మూడు రెట్లు చూపడం మామూలే. చదివేవాడు పరీక్ష పేరు చూడకుండా అంకెలు పోల్చితే సరుకు మెరుగైందనుకుంటాడు. మారింది కొలబద్ద!

రెండో చిక్కు మరీ సూటిది. పరీక్షలో అతుకు చదును నేలమీద ఉంటుంది. నోట్లో గుంట పెట్టెలా ఉంటుంది. రెజిన్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో రెండు మూడు శాతం కుంచించుకుంటుంది. చదును నేలమీద అది పైనుంచి స్వేచ్ఛగా కుంగగలదు. పెట్టెలో అయిదు గోడలకు అంటుకుని ఒక్క వైపే ఖాళీ ఉంటే అన్ని గోడలనూ ఒకేసారి లోపలికి లాగుతుంది. ఈ అంటిన, అంటని తలాల నిష్పత్తి పెరిగేకొద్దీ అతుకు తెగే ప్రమాదం పెరుగుతుందని ఫైల్జర్, డి గీ, డేవిడ్సన్ 1987లో నిరూపించారు. అంటే పన్ను మీద ఎవరూ నమలకముందే, కుర్చీలోంచి రోగి లేవకముందే, అతుకు పరీక్షకు నిలబడుతోంది. ఆ పరీక్ష ప్రయోగశాల దిమ్మకు లేదు.

కాలం ఇంకో సంగతి. ఒక రోజు నీటిలో ఉంచి కొలిచిన అతుకు చక్కగానే ఉంటుంది. ద్రవం చేరని కొలాజెన్ పీచును డెంటిన్‌లోనే దాగిఉన్న ఎంజైములు నెలల తరబడి కొరుకుతాయని పాష్లీ బృందం 2004లో చూపింది. శత్రువు ఇంట్లోనే ఉన్నాడు. 500 సార్లు 5 డిగ్రీల, 55 డిగ్రీల నీళ్లలో మార్చిమార్చి ముంచడం అంతర్జాతీయ ప్రమాణంలో ఉంది కానీ, జీవితకాలానికి అది ఏపాటి?

గ్లాస్ అయనోమర్ ఇచ్చిన సమాధానం

ఈ విమర్శ మాటలతోనే ఆగితే వాదనగా మిగిలేది. పరీక్షించడానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో విల్సన్, కెంట్ తయారుచేసి 1972లో ప్రకటించిన గ్లాస్ అయనోమర్ సిమెంటు బంధబలం పరీక్షల్లో ఎప్పుడూ వెనకబెంచీయే. రెజిన్ ద్రవాలు ఇరవైలు, ముప్పైలు చూపిస్తుంటే ఇది చాలాసార్లు పది కూడా దాటదు. అంకె ప్రకారం అన్నిటికన్నా ముందు ఊడిపోవలసింది ఇదే.

పళ్ల మెడ దగ్గర పుచ్చకుండానే అరిగిపోయిన గుంటల్లో ఏ పదార్థం ఎంతకాలం నిలిచిందో చెప్పే క్లినిక్ ఫలితాలన్నీ పోగుచేసి ప్యూమన్స్, సహచరులు 2014లో ఒక సమీక్ష ప్రచురించారు. ఈ గుంటలకు కూరడానికి మూలలుండవు, నిలిచిందంటే అతుకువల్లే. ఏడాదికి ఊడేవాటి సగటు గ్లాస్ అయనోమర్‌కు 2 శాతం. అన్నిటికన్నా తక్కువ. దాని వెనకే మెత్తటి ఆమ్ల గుణం ఉన్న రెండు అంచెల రకం 2.5తో, పాత మూడు అంచెల రకం 3.1తో నిలిచాయి. పని తొందరగా అవుతుందని అంచెలు తగ్గించి వచ్చిన రెండు అంచెల ఆమ్లపు రకం 5.8 దగ్గర ఉంది.

ఎందుకిలా? గ్లాస్ అయనోమర్ పంటి కాల్షియంతో నేరుగా రసాయన బంధం కడుతుంది, నెమ్మదిగా గట్టిపడటంతో గోడలను లాగదు, నీరున్నా ఫరవాలేదు. పరీక్షలో అది విరిగేది చాలాసార్లు అతుకు దగ్గర కాదు, సిమెంటులోనే. అంటే అంకె కొలిచింది సిమెంటు బలాన్ని, పేరు పెట్టింది అతుకు బలమని. గోడకు కొట్టిన మేకుకు వేలాడదీసిన తాడు తెగితే మేకు బలహీనమని తేల్చినట్టుంది ఇది.

అలాగని గ్లాస్ అయనోమర్ సర్వరోగ నివారిణి కాదు. నమిలే తలంమీద త్వరగా అరుగుతుంది, చూపుకు పంటి మెరుపు రాదు. కానీ 1980ల మధ్యలో టాంజానియాలో ఫ్రెంకెన్ మొదలుపెట్టిన పద్ధతిలో, కరెంటూ డ్రిల్లూ లేకుండా చేతి పనిముట్లతో పుచ్చు గోకి దీన్నే నింపారు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిస్థితికి దగ్గరగా ఉన్నది అదే. మెగాపాస్కళ్ల పట్టిక చూసి కొనేవాడికి అది చివరి వరసలో కనబడుతుంది. నా గొడవ ఇదే.

పరీక్షలు మొత్తం దండగ అనడం కూడా అన్యాయమే. నీటిలో నెలలు నానబెట్టి కొలిచిన అంకెలకూ, క్లినిక్ ఫలితాలకూ కొంత పొంతన ఉందని తరువాతి సమీక్షలు చెప్పాయి. ఒక రోజు తరువాతి అంకెకు ఆ గౌరవం దక్కలేదు. అయినా ప్రకటనల్లో ఎక్కేది అదే.

ఇక డాక్టరు చేతిలో ఉన్నవి. ఆమ్లంతో సిద్ధం చేసిన ఎనామిల్‌కు ఉమ్మి తగిలితే రంధ్రాలు మూసుకుంటాయి. మళ్లీ ఆమ్లం పెట్టవలసిందే. పన్ను చుట్టూ రబ్బరు తొడుగు కట్టడం 1864 నుంచీ ఉన్న ఉపాయమే, చాలా కుర్చీల్లో కనబడదు. లవంగనూనె నుంచి వచ్చే యూజినాల్ రెజిన్ గట్టిపడటాన్ని అడ్డుకుంటుంది, తాత్కాలిక సిమెంటుగా దాన్ని వాడినచోట శుభ్రంగా గోకాలి. పళ్లు తెల్లబరిచే పెరాక్సైడు పెట్టిన వెంటనే అతికించకూడదు, ఒకటి రెండు వారాలు ఆగాలి. నీలి దీపం గుంటకు దూరమయ్యేకొద్దీ వెలుగు తగ్గుతుంది. అందుకే రెజిన్‌ను రెండు మిల్లీమీటర్ల చొప్పున వాయిలు వాయిలుగా గట్టిపరచమంటారు. ఇవన్నీ తెలిసినవే, చౌకైనవే. కొత్త సీసాకు పెట్టే డబ్బుకన్నా ఇక్కడ పెట్టే పది నిమిషాలు ఎక్కువ ఫలితమిస్తాయని నా నమ్మకం.

ఆఖరుగా, పన్ను ఎవరిదన్న ప్రశ్న. పరీక్షలకు వాడే పళ్లు 16 నుంచి 40 ఏళ్ల మధ్య వయసువారి జ్ఞానదంతాలైతే మంచిదని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. కొలతలు పోల్చడానికి అది సబబే. ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లు తాగి పెరిగిన పళ్ల సంగతి వేరు. మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని షార్ట్, సహచరులు 1937లోనే రాశారు. నల్లగొండ పేరు 1970ల్లో ఫ్లోరైడు తీసే పద్ధతికే పెట్టారు. ఫ్లోరైడు చేరిన ఎనామిల్ పై పొర ఆమ్లానికి తొందరగా లొంగదు. దాని కింది భాగం మాత్రం గుల్లగా ఉంటుంది. తేలికపాటి మచ్చలుంటే తేడా పెద్దగా రాకపోవచ్చు. గోధుమరంగు తిరిగి గుంటలు పడిన పళ్లకు మామూలు 30 సెకండ్ల ఆమ్లం చాలకపోవచ్చు. పై పొర కొంచెం అరగదీయడమో, ఆమ్లం ఎక్కువసేపు ఉంచడమో చేస్తున్నారు. మన దంత కళాశాలల్లో దీనిమీద పరీక్షలు జరిగాయి. అవీ ఎక్కువగా పీకిన పళ్లమీద జరిగినవే, ఒక రోజు తరువాత కొలిచినవే.

నీళ్ల పథకాలు వచ్చిన ఊళ్లలో కూడా, అంతకుముందు పుట్టిపెరిగిన వాళ్ల పళ్లు మారవు. ఎనామిల్ బాల్యంలో ఒకేసారి తయారవుతుంది. ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్ల వయసులో ఉన్న ఆ మనుషులు మరో ముప్పై ఏళ్లు ఫిల్లింగులు పెట్టించుకుంటూనే ఉంటారు. బ్యూనోకోర్ చేసినట్టు ఆ నోళ్లలోనే పెట్టి, ఏటా చూసి, ఎన్ని నిలిచాయో ఎన్ని రాలాయో లెక్క రాయాలి. దానికి యంత్రం అక్కర్లేదు. అద్దం, దీపం, రిజిస్టరు, అయిదేళ్ల ఓపిక కావాలి.